మా అవ్వకు బోదకాలు. పిల్లలకు అంటుకుంటుందా?

అడిగినది: కొర్లగుంట, తిరుపతి
మా అవ్వను చిత్తూరు పక్క పల్లె నుంచి ఇంటికి తెచ్చుకున్నాం. ఎడమ కాలికి బోదకాలు. పక్కింటావిడ "పిల్లల్ని దగ్గరికి పోనియ్యొద్దు" అనింది. అది విని అవ్వ పిల్లల్ని పిలవడమే మానేసింది. చాలా బాధగా ఉంది.

జవాబు: రిటైర్డ్ హెల్త్ అసిస్టెంట్, చిత్తూరు
తాకితే అంటుకోదమ్మా. ముందు ఆ మాట అవ్వకు చెప్పు. ఇది దోమకాటుతోనే వస్తుంది, అదీ నెలల తరబడి కుడితే. క్యూలెక్స్ దోమ మురుగునీళ్ళలో పెరిగి రాత్రిపూట కుడుతుంది. ఆ కాటుతో సన్నని పురుగులు లింఫ్ నాళాల్లో (ఒంట్లో నీరులాంటి ద్రవం పారే సన్న గొట్టాల్లో) చేరి ఏళ్ళపాటు బతుకుతాయి. వాటి పిల్లలు రక్తంలో తిరిగేది రాత్రే, అందుకే రాత్రి 10 తర్వాత రక్తం తీస్తారు. మీ పిల్లలకూ పరీక్ష చేయిస్తే టెన్షన్ ఉండదు.

అవ్వ కాలు రోజూ సబ్బుతో కడిగి, వేళ్ళ సందుల్లో తడి లేకుండా మెత్తగా అద్దండి. పగుళ్ళలోంచి సూక్ష్మక్రిములు లోపలికి పోవడం వల్లే చలిజ్వరాలు వస్తాయి, వాపు పెరుగుతుంది. నా సర్వీసులో జనం ఎక్కువగా అశ్రద్ధ చేసింది దీన్నే.

జవాబు: మంగళం, తిరుపతి
సెప్టిక్ ట్యాంక్ గొట్టానికి దోమల జాలీ కట్టండి. అందరికీ దోమతెర.

అడిగినది:
వాపు పూర్తిగా తగ్గుతుందా సార్? బోదకాలు పురుగులకు ఇచ్చే డీఈసీ మాత్రలు ఇప్పించాలా?

జవాబు: రిటైర్డ్ హెల్త్ అసిస్టెంట్
ముదిరిన వాపు పూర్తిగా పోదు, కాలు శుభ్రంగా ఉంచితే జ్వరాలు మాత్రం బాగా తగ్గుతాయి. మాత్రలు డాక్టర్ చూశాకే, పరగడుపున వద్దు. గర్భిణులకు, రెండేళ్ళలోపు పిల్లలకు ఇవ్వరు.