"అభిషేకించినవారిని ముట్టకూడదు": ఇక్కడ ‘వారు’ ఎవరు?

నిన్న ఇక్కడ గౌరవ బహువచనం (ఒక్కరినే ‘వారు’ అనడం) మీద చర్చ నడుస్తుంటే నాకు తెలుగు బైబిల్లో 105వ కీర్తన గుర్తొచ్చింది. "నేనభిషేకించినవారిని ముట్టకూడదనియు నా ప్రవక్తలకు కీడుచేయకూడదనియు" ఆజ్ఞ ఇచ్చి దేవుడు రాజులను గద్దించాడని అందులో ఉంటుంది.

చర్చి వాతావరణం తెలియనివాళ్ళ కోసం ఒక మాట. మా ఇళ్ళలో ఇది సామెతలా నడుస్తుంది. అయ్యగారి గురించి (పాస్టరును మేం అలాగే అంటాం) ఎవరైనా నోరు తెరవబోతే, పక్కవాళ్ళు "ఒరే, అభిషిక్తుణ్ణి ముట్టకూడదు" అని ఆపేస్తారు. ముట్టడమంటే ఇక్కడ విమర్శించడం, అనుమానించడం, లెక్క అడగడం.

నేను పదకొండేళ్ళు ఒక గుంపులో ఉన్నాను. పేరు అనవసరం. అన్యభాషలు (ఆత్మావేశంలో తెలియని భాషలో ప్రార్థించడం), ప్రవచనాలు, స్వస్థత కూడికలు, శుక్రవారం ఉపవాస ప్రార్థన, అన్నీ ఉండేవి. మా నాన్న తాగుడు మానింది అక్కడే. అది ఎప్పటికీ కాదనను. అదే నాన్న ఒకసారి మందిరం కట్టడానికి వచ్చిన కానుకల లెక్క అడిగారు, గట్టిగా కూడా కాదు. తర్వాతి ఆదివారం ప్రసంగానికి వాక్యం ఇదే. పేరు ఎత్తలేదు గానీ అందరూ మేం కూర్చున్న చాప వైపే చూశారు. మోషే మీద సణిగిన మిర్యాముకు కుష్ఠు ఎలా వచ్చిందో కూడా వివరంగా చెప్పారు. ఆ వారం నుంచి మాకు వందనాలు చెప్పేవాళ్ళు కరువయ్యారు. కానుక ముట్టినప్పుడు ఏ ఇబ్బందీ లేదు, లెక్క దగ్గరికి వచ్చేసరికి అది ముట్టరానిదైపోయింది.

ఇక భాష సంగతి. నాకు హీబ్రూ రాదు, నిఘంటువు పక్కన పెట్టుకుని కూడబలుక్కునే స్థాయి. అయినా ఇది కనిపెట్టడానికి పెద్ద పాండిత్యం అక్కర్లేదు: మూలంలో ‘నా అభిషిక్తులు’ అని బహువచనం ఉంది. మన అనువాదకులూ ‘అభిషేకించినవారిని’ అని సరిగ్గానే రాశారు. చిక్కంతా తెలుగు చెవిది. ‘వారు’ అనగానే మనకు పదిమందీ వినిపించవచ్చు, ఒక పెద్దమనిషీ వినిపించవచ్చు. వేదిక మీద కుర్చీలో ఒక్కరే కూర్చుని ఉంటే ఏది వినిపిస్తుందో చెప్పక్కర్లేదు. నా పదకొండేళ్ళలో అది నాకు ఒక్కసారి కూడా బహువచనంగా వినిపించలేదు.

కీర్తనలో ఆ ‘వారు’ అబ్రాహాము, ఇస్సాకు, యాకోబుల కుటుంబం. గట్టిగా లెక్కపెడితే కొద్దిమంది. సొంత నేల లేక ఒక రాజ్యం నుంచి ఇంకో రాజ్యానికి తిరిగే పరదేశులు. వాళ్ళ జోలికి పోవద్దని దేవుడు హెచ్చరించింది రాజుల్ని. అంటే ఇది బలం ఉన్నవాడికి బలం లేనివాడి గురించి చెప్పిన మాట. మా దగ్గర దీన్ని తలకిందులు చేసి, రాజుకు కాపలాగా పెట్టారు.

‘ముట్టు’ సంగతి ఇంకా బాగుంటుంది. ఆదికాండం 20లో గెరారు రాజు అబీమెలెకు శారాను తెప్పించుకుంటాడు. ఆమెను నిన్ను ముట్టనివ్వలేదని దేవుడు కలలో చెప్తాడు, అబ్రాహాము ప్రవక్త అని కూడా చెప్తాడు. హీబ్రూలో అక్కడా ఇక్కడా ఒకటే క్రియ. 26వ అధ్యాయంలో ఇస్సాకు గురించి మళ్ళీ అదే క్రియ వస్తే, మనవాళ్ళు అక్కడ ‘జోలికి వెళ్ళు’ అని ఎంత హాయిగా అనువదించారో చూడండి. అంటే చెయ్యి వేయడం, హాని చేయడం. మరి అబీమెలెకు తెల్లారి లేచి ఏం చేశాడు? అబ్రాహామును పిలిపించి, మాకెందుకు ఇలా చేశావని మొహం మీదే అడిగాడు. తప్పు నిజంగా అబ్రాహాముదే, భార్యను చెల్లెలని చెప్పాడు. అడిగినందుకు రాజుకు కుష్ఠేమీ రాలేదు. అబ్రాహాము సంజాయిషీ చెప్పుకున్నాడు. ‘ముట్టకూడదు’ అన్న మాట పుట్టిన కథలోనే అభిషిక్తుణ్ణి నిలదీయడం ఉంది!

‘అభిషేకం’ మీద కూడా నాకో ఫిర్యాదు ఉంది. హీబ్రూ మాటకు అసలు అర్థం నూనె పూయడం. మనకు అభిషేకమంటే పట్టాభిషేకం, రుద్రాభిషేకం, చివరికి హీరో కటౌటుకు పాలాభిషేకం. మాట పలకగానే మనిషి రెండు మెట్లు పైకెక్కి కూర్చుంటాడు. 23వ కీర్తనలో "నూనెతో నా తల అంటియున్నావు" అని ఉంది (అక్కడ హీబ్రూ క్రియ వేరు, ఒప్పుకుంటాను), ఎంత ఇంటిమాట! పండగపూట అమ్మ తలంటినట్టు. తలంటించుకున్నవాణ్ణి ముట్టకూడదు అని ఎవరైనా అంటే నవ్వొస్తుంది కదా.

ఇంకొకటి, ఇది రాయాలా వద్దా అనుకున్నాను. మా ముత్తాతలది ఒంగోలు వైపు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు, ఎక్కువమంది మాదిగలు. ఊరి బావి ముట్టకూడదు, ఇంటి గడప ముట్టకూడదు అని విని విని పెరిగిన జనం. వాళ్ళ మనవలకు ‘ముట్టకూడదు’ అనే మాటే మళ్ళీ, ఈసారి వేదిక మీద నుంచి, వినపడటం నాకు మింగుడుపడదు.

ఒకరి వ్యాఖ్య: ఎలోహీం (హీబ్రూలో ‘దేవుడు’) కూడా రూపంలో బహువచనమే, అర్థంలో ఏకవచనం. ఇదీ అలాంటి గౌరవ బహువచనమే కావచ్చు కదండీ?

నా జవాబు: మంచి ప్రశ్న అండీ. ఇశ్రాయేలు దేవుణ్ణి చెప్పేటప్పుడు ఎలోహీంకు క్రియ మామూలుగా ఏకవచనంలో వస్తుంది. ఇక్కడ ముందు చరణాల్లో తిరిగినవాళ్ళకు క్రియలు బహువచనమే, పైగా ‘కొద్దిమంది’ అని లెక్క కూడా చెప్పారు. కాబట్టి ఆ దారి మూసుకుపోయింది.

ఇంకొకరు: బ్రదర్, దావీదుకు చంపే అవకాశం వచ్చినా, తనను తరుముతున్న అభిషిక్త రాజు సౌలును ముట్టలేదు. అది మరిచిపోవద్దు.

నా జవాబు: మరిచిపోలేదు బ్రదర్, నేనూ ఆ ప్రసంగం చాలాసార్లు విన్నాను. దావీదు కత్తి ఎత్తలేదు, నిజం. కానీ గుహలోంచి బయటికొచ్చి, సౌలు వెంట ఉన్న సైన్యమంతా వినేలా తన గోడు చెప్పాడు, మన మధ్య యెహోవా న్యాయం తీరుస్తాడన్నాడు. సౌలు ఏడ్చి, తర్వాత ఇంకోసారి తప్పు ఒప్పుకుని తిరిగి రమ్మన్నా దావీదు వెళ్ళలేదు. తర్వాత దావీదే రాజై తప్పు చేస్తే, నాతాను ప్రవక్త వచ్చి "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడు. అదీ అభిషిక్తుడితోనే.

ఒక అక్క అడిగారు: అయితే తమ్ముడూ, ఇప్పుడు ఆత్మవరాలే (అన్యభాషలు, ప్రవచనం లాంటివి) అబద్ధమంటావా?

నా జవాబు: అనను అక్కా. అన్యభాషలు నకిలీవని చెప్పే ధైర్యం నాకు లేదు, అవసరమూ లేదు. ఇప్పుడు వెళ్ళే చిన్న సంఘంలోనూ కొందరు అలా ప్రార్థిస్తారు. స్వరం పెరిగేకొద్దీ నాకు టెన్షన్ మొదలవుతుంది, అందుకే తలుపు దగ్గర కూర్చుంటాను. నేను చూసేది ఒక్కటే: ప్రవచనం అయ్యాక ఎవరైనా ప్రశ్న అడగొచ్చా? "తక్కినవారు వివేచింపవలెను" అని పౌలు కొరింథువాళ్ళకు రాశాడు. ఆయనదే ఇంకో ఉత్తరంలో ‘ఆత్మను ఆర్పకుడి’ అన్నచోటే ‘సమస్తమును పరీక్షించి’ అనీ ఉంది. మా గుంపులో ‘ఆర్పకుడి’ గోడ మీద రాసి ఉండేది, ‘పరీక్షించి’ ఉండేది కాదు.

ఈ గొడవ కరిస్మాటిక్ (ఆత్మవరాలకు పెద్దపీట వేసే సంఘాల) లోకానికి కొత్తది కాదు. 1970ల్లో అమెరికాలో, ఫోర్ట్ లాడర్‌డేల్ కేంద్రంగా ఐదుగురు బోధకులు ప్రతి విశ్వాసికీ పైన ఒక కాపరి, ఒక ‘కవరింగ్’ (ఆత్మీయంగా కాపాడే పెద్దదిక్కు) ఉండాలని నేర్పారు. కొన్నిచోట్ల పెళ్ళి, ఉద్యోగం కూడా ఆ కాపరిని అడిగే పరిస్థితి వచ్చింది. ఆ ఐదుగురిలో ఒకరైన బాబ్ మమ్‌ఫర్డ్ 1990 ప్రాంతంలో బహిరంగంగా క్షమాపణ చెప్పారు. మా గుంపులోనూ ఆ ‘కవరింగ్’ మాటే ఉండేది, క్షమాపణ మాత్రం దిగుమతి కాలేదు.

మళ్ళీ మొదటివారు: మరి మీరైతే ఎలా అనువదిస్తారు?

నా జవాబు: "నేను నూనె అంటి నావాళ్ళని చెప్పుకున్న ఈ మనుషుల జోలికి పోకండి." ఫోన్లో అమ్మకు వినిపించాను. బాగానే ఉంది గానీ వాక్యంలా లేదురా అంది.