ఈమ్యాక్స్: విండోలో నడిచే కీలు కన్సోల్‌లో నడవవేం?

ప్రశ్న: ఈమ్యాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్ విండోలో కంట్రోల్-ఐకి ఒక కమాండ్, ట్యాబ్‌కి ఇంకోటి పెట్టాను. లినక్స్‌లో కంట్రోల్-ఆల్ట్-ఎఫ్3 నొక్కితే వచ్చే కన్సోల్‌లో (విండోలు లేని, అక్షరాల స్క్రీన్) రెండూ ఒకే పని చేస్తున్నాయి. తెలుగు అక్షరాలైతే అసలు రావట్లేదు.

జవాబు 1: మీ సెట్టింగుల్లో తప్పేం లేదు. కన్సోల్ లాంటి టెర్మినల్, ఎడిటర్‌కి కీని కాదు, బైట్‌ని (ఒక సంఖ్యని) పంపుతుంది. కంట్రోల్-ఐ, ట్యాబ్ రెండింటికీ అదే బైట్: 9. కంట్రోల్-ఎమ్, ఎంటర్‌లది 13. ఇక తేడా తెలిసేదెలా? కమాండ్‌ని కంట్రోల్-సి, తర్వాత ఒక అక్షరం అన్నట్టు మార్చుకోండి. ఆ వరస వాడేవాళ్ల కోసమే వదిలిపెట్టారు, రెండు చోట్లా నడుస్తుంది.

జవాబు 2: లినక్స్ కన్సోల్ ఫాంటులో 512 గ్లిఫ్‌లకే (అక్షర రూపాలకే) చోటు. పైగా ఒత్తులు, గుణింతాలు కూర్చే ఏర్పాటే లేదు, కాబట్టి ఫాంటు మార్చడం వృథా శ్రమ. తెలుగు ఫైలు సర్వర్‌లో ఉంటే విండో ఈమ్యాక్స్ నుంచే ట్రాంప్‌తో (వేరే కంప్యూటర్‌లోని ఫైళ్లు తెరిచే ఈమ్యాక్స్ సదుపాయం) తెరవండి.

ప్రశ్న అడిగినవారు: సరే. విమ్ అనే ఇంకో ఎడిటర్‌ని టెర్మినల్‌లో వాడుతూ కంట్రోల్-ఎస్ నొక్కితే స్క్రీన్ బిగుసుకుపోతోంది, అదీ ఇలాంటిదేనా?

జవాబు 1: కాదు, అది టెర్మినల్ అవుట్‌పుట్‌ని ఆపే పాత సంకేతం. కంట్రోల్-క్యూ నొక్కితే కదులుతుంది. మళ్లీ రాకుండా షెల్‌లో (కమాండ్లు టైపు చేసే చోట) ‘stty -ixon’ పెట్టండి.