మా ఊళ్ళో పిల్లల హోమ్ ఉంది, వాళ్ళ ఆరోగ్యం గురించి అడిగే హక్కు పంచాయతీకి ఉందా?

లంకగట్టు మెంబరు:

అందరికీ నమస్కారమండి. మాది కోనసీమలో గోదారి పాయ పక్కన చిన్న పంచాయతీ, ఊరి పేరు వద్దులెండి. నేను వార్డు మెంబర్ని. నా వార్డులోనే కాలవ గట్టు మీద ఒక ట్రస్టు వాళ్ళ పిల్లల హోమ్ ఉంది, ముప్పై మంది ఉంటారు. అందరూ అనాథలేం కాదు. తల్లి కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళింది, తండ్రి తాగి పడుంటాడు, అమ్మమ్మ కొన్నాళ్ళు చూసి ఇక చేతకాక ఇక్కడ వదిలింది, ఎక్కువ ఇలాంటి సంగతులే. మన వైపు ఇది కొత్తేం కాదు కదా.

ఈ పిల్లలు మా ఊరి బడికే వస్తారు. మొన్న మధ్యాహ్న భోజనం వేళకి నేను అక్కడే ఉన్నాను. లైన్లో నిలబడిన హోమ్ పిల్లలు కంచాలు చంకలో ఇరికించుకుని రెండు చేతులా గోక్కుంటున్నారు. వేళ్ళ సందుల్లో, మణికట్ల మీద ఎర్రటి పొక్కులు, కొందరికి చీము కూడా పట్టింది. ఒక పిల్లాడైతే సాంబారు వేశాక చేతులు మండి అన్నం కలుపుకోలేక చెంచా అడిగాడు. హెడ్మాస్టారు ఇది నెల నుంచీ ఉందని, చీటీ రాసి పంపితే జవాబు రాలేదని చెప్పారు.

సరే అని హోమ్‌కి వెళ్ళాను. వార్డెన్ గారు గేటు దాటి లోపలికి రానివ్వలేదు. "మాకు రిజిస్ట్రేషన్ ఉంది, మాకు జిల్లా ఆఫీసు ఉంది, పంచాయతీకి ఏం సంబంధమండీ" అన్నారు. మా ప్రెసిడెంటు గారిని అడిగితే "ఇంటి పన్ను కడుతున్నారు, కాలవలో చెత్త వెయ్యట్లేదు, మనకెందుకు బాబూ" అన్నారు. నాకు ఆ హోమ్ మూయించాలని లేదు, మూయిస్తే ఆ పిల్లలు ఎక్కడికి పోతారు. కానీ మా ఊరి నీళ్ళు తాగే పిల్లలకి ఒళ్ళంతా పుళ్ళైతే మేము అడక్కూడదా? ఎవర్ని అడగాలి, ఏమని అడగాలి? తెలిసినవాళ్ళు చెప్పండి.

రిటైర్డ్ సిస్టరమ్మ:

బాబూ, ముందు గజ్జి సంగతి చూడు, హక్కుల సంగతి తర్వాత. నువ్వు చెప్పినదాన్ని బట్టి అది గజ్జే అనిపిస్తోంది, చీము పట్టినవాళ్ళని మాత్రం ముందు డాక్టరు చూడాలి. నేను ఏఎన్ఎంగా చేరి సూపర్‌వైజరుగా దిగాను, హాస్టళ్ళలో ఇది ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. అందరూ చేసే తప్పు ఒక్కటే. బాగా ఎక్కువైన నలుగురికి మందు రాసి మిగతావాళ్ళని వదిలేస్తారు, ఆ నలుగురూ రాత్రికి మళ్ళీ అదే చాప మీద పడుకుంటారు, రెండు వారాలకి కథ మొదటికి వస్తుంది. ముప్పై మందికీ, వంటామెకీ, ఆయమ్మకీ, వార్డెన్‌కీ ఒకే రాత్రి పర్మెత్రిన్ క్రీము రాయాలి. దురద ఉన్నా లేకపోయినా. మెడ దగ్గర్నుంచి అరికాళ్ళ దాకా, వేళ్ళ సందులు, గోళ్ళ కింద, చంకలు, నడుము, ఏదీ వదలకూడదు. పొద్దున్నే స్నానం. దుప్పట్లు, బట్టలు వేడినీళ్ళలో ఉతికి ఎండలో వెయ్యాలి. వారానికి మళ్ళీ ఒకసారి. మందు పనిచేశాక కూడా రెండు మూడు వారాలు దురద ఉంటుంది, పని చెయ్యలేదని కంగారు పడొద్దని వాళ్ళకి ముందే చెప్పు.

ఇక గేటు సంగతి. నువ్వు మెంబరుగా వెళ్ళావు కాబట్టి ఆపాడు. మీ ఏఎన్ఎంని, ఆశాని ముందు పెట్టుకుని వెళ్ళు. ఆ ముప్పై మందీ ఆ సబ్‌సెంటరు జనాభాలో ఉన్నట్టే, ఇంటింటికీ తిరిగే మనిషి ఆ గుమ్మం మాత్రం ఎందుకు దాటెయ్యాలి? అసలు ఆమె రిజిస్టర్లో ఆ పిల్లల పేర్లు ఉన్నాయో లేదో చూడు, చాలా చోట్ల ఉండవు, హోమ్ వాళ్ళే చూసుకుంటారులే అని వదిలేస్తారు. ఊరికి ఆరోగ్య, పారిశుధ్య, పోషకాహార కమిటీ అని ఒకటుంటుంది, దానికి ఏడాదికి 10,000 రూపాయల దాకా నిధి. క్రీముకి ఆ డబ్బు వాడొచ్చేమో మీ ఏఎన్ఎంనే అడుగు.

ఇంకో మాట. బడికి ఏడాదికోసారి ఆర్‌బీఎస్‌కే బండి, అంటే పిల్లల ఆరోగ్య పరీక్షల సర్కారు పథకం బండి వస్తుంది, డాక్టర్లు పిల్లల్ని చూసి కళ్ళు, చెవులు, గుండె, పళ్ళు ఏదైనా తేడా ఉంటే పెద్దాసుపత్రికి చీటీ రాస్తారు. ఇంట్లో పిల్లాడైతే ఆ చీటీ పట్టుకుని తల్లి బస్సెక్కుతుంది. హోమ్ పిల్లాడి చీటీ ఎవరు పట్టుకుంటారు? నువ్వు అడగాల్సింది అది.

పాత ఫీల్డు మనిషి:

సిస్టరమ్మ గారు చెప్పిందానికి చట్టం వైపు నుంచి కొంత కలుపుతాను. బాలల సంరక్షణ విభాగంలో కొన్నేళ్ళు కాంట్రాక్టు మీద తిరిగాను.

సూటిగా చెప్పాలంటే హోమ్‌ని తనిఖీ చేసే అధికారం పంచాయతీకి లేదు, వార్డెన్ గారు అన్నదాంట్లో ఆ మేరకు నిజం ఉంది. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం ఆ పని తనిఖీ కమిటీది. మూడు నెలలకి కనీసం ఒకసారి ముగ్గురికి తక్కువ కాకుండా వెళ్ళాలి, అందులో ఒక మహిళ, ఒక మెడికల్ ఆఫీసరు ఉండి తీరాలి. వారంలోగా రిపోర్టు ఇవ్వాలి. 2021 సవరణ తర్వాత ఆ రిపోర్టు కలెక్టరు గారికే వెళ్తుంది. కాబట్టి అడగాల్సిన మొదటి ప్రశ్న "కిందటి తనిఖీ ఎప్పుడు జరిగింది, వచ్చిన డాక్టరు ఏం రాశారు". ఈ ప్రశ్న కలెక్టరాఫీసులో సోమవారం ఫిర్యాదులు తీసుకునే గ్రీవెన్స్‌లో కాగితం మీద పెట్టండి, రసీదు తీసుకోండి. నోటితో అడిగితే గాల్లో కలిసిపోతుంది.

రెండోది, ప్రతి పిల్లాడికీ బాలల సంక్షేమ కమిటీ, అంటే సీడబ్ల్యూసీ ఆర్డరు ఉండాలి. అమ్మమ్మ తెచ్చి వదిలేసింది, మేము పెట్టుకున్నాం అంటే కుదరదు. మూడోది, ప్రతి పిల్లాడికీ వ్యక్తిగత సంరక్షణ ప్రణాళిక, వైద్య రికార్డు ఉండాలి. ఇవి మీకు చూపించమని అడక్కండి, అది పిల్లల గుట్టు, అలా అడిగితే మీరే తప్పులో పడతారు. ఉన్నాయా లేవా అని డీసీపీయూ, అంటే జిల్లా బాలల సంరక్షణ విభాగం వాళ్ళని అడగండి.

అన్నిటికన్నా ముఖ్యం, ఆ పిల్లల చేతుల ఫోటోలు తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. పిల్లలు ఎవరో తెలిసేలా బయటపెడితే అదే చట్టం 74వ సెక్షన్ కింద ఆరు నెలల జైలు, 2 లక్షల జరిమానా దాకా ఉంది. మంచి చెయ్యబోయి ఇరుక్కున్నవాళ్ళని చూశాను.

పంచాయతీకి దారే లేదా అంటే ఉంది. మిషన్ వాత్సల్య అని పిల్లల సంరక్షణకి కేంద్రం పథకం ఉంది, దాని కింద గ్రామ స్థాయిలో బాలల సంరక్షణ కమిటీ ఉండాలి. మీ ఊళ్ళో కాగితం మీద ఉండే ఉంటుంది, తీసి దుమ్ము దులపండి. రాజ్యాంగం 11వ షెడ్యూల్లో పంచాయతీలకి ఇవ్వాల్సిన 29 అంశాల్లో ఆరోగ్యం ఉంది, మహిళా శిశు అభివృద్ధీ ఉంది. మీ జడ్పీటీసీ గారు మాట వినే మనిషైతే జడ్పీలో మహిళా సంక్షేమ స్థాయీ సంఘంలో ఎత్తమనండి.

మరొకటి మర్చిపోయా. అసలు ఎంతమంది పిల్లలు ఇంట్లోనే ఉండగలిగేవాళ్ళో చూడండి. పిల్లాడు ఇంట్లోనే పెరిగేలా మిషన్ వాత్సల్యలో స్పాన్సర్‌షిప్ అని నెలకి 4,000 వస్తుంది, పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 దాటకూడదు. భర్త చనిపోయిన లేక వదిలేసిన తల్లి పిల్లలకి, అమ్మానాన్నల్లేక బంధువుల దగ్గర పెరిగే పిల్లలకి వర్తిస్తుంది. కువైట్ తల్లుల పిల్లలందరికీ రాదు. కానీ వచ్చేవాళ్ళలో సగం మంది అమ్మమ్మలకి ఈ పథకం పేరు కూడా తెలీదు.

తణుకు అమ్మాయి, ఇంగ్లండ్:

నేను ఇక్కడ నర్సుగా చేస్తున్నాను. ఇక్కడ పద్ధతి ఇంకోలా ఉంటుంది, పనికొస్తుందేమోనని రాస్తున్నా. ఇంగ్లండ్‌లో పిల్లని ఇంటి నుంచి తీసుకొస్తే ఆ బాధ్యత లోకల్ కౌన్సిల్‌ది, అంటే మన మున్సిపాలిటీనో జడ్పీనో అనుకోండి. మాటవరసకి కాదు, 2017లో చేసిన చట్టంలో కౌన్సిల్ ఆ పిల్లలకి తల్లిదండ్రుల్లా ఎలా మెలగాలో సూత్రాలు రాసిపెట్టారు. పిల్ల వచ్చిన 20 పనిదినాల్లో పూర్తి ఆరోగ్య పరీక్ష అవ్వాలి, తర్వాత అయిదేళ్ళలోపు వాళ్ళకి ఆర్నెల్లకోసారి, అయిదు దాటిన పిల్లలకి ఏడాదికోసారి. ఒళ్ళే కాదు, మనసు ఎలా ఉంది, నిద్ర పడుతోందా అనీ అడుగుతారు. చదువు చూసుకోడానికి కౌన్సిల్‌లో విడిగా ఒక ఆఫీసరు ఉంటారు. ఎన్నికైన కౌన్సిలర్లు కూర్చుని ఎంతమందికి పరీక్ష గడువులో జరిగింది, ఎంతమందికి పళ్ళ డాక్టరు చూశారు అని అధికారుల్ని నిలదీస్తారు. చాలా చోట్ల హోముల్లో పెరిగిన పిల్లలే ఆ మీటింగులో కూర్చుని మాట్లాడతారు.

అలాగని స్వర్గం అనుకోకండి. చోటు లేక పిల్లల్ని వంద మైళ్ళ అవతల ఊరికి పంపేస్తారు, అక్కడి ఆసుపత్రి వాళ్ళు మా పిల్ల కాదంటారు, ఇక్కడివాళ్ళు మా ఏరియా కాదంటారు. మానసిక వైద్యం కోసం నెలల తరబడి ఎదురుచూస్తారు. కాకపోతే పరీక్ష ఆలస్యమైతే ఎవర్ని అడగాలో తెలుసు. మనకి కలెక్టరు, కమిటీ, ట్రస్టు, బడి, పీహెచ్‌సీ, ఇంతమంది ఉన్నారు. పిల్లాడు చెంచా అడిగితే మాత్రం చూసింది మెంబరు గారే.

హోమ్‌లో పెరిగినవాడు:

ఇక్కడ ఎప్పుడూ రాయలేదు, చదివి వెళ్ళిపోతుంటా. నేను ఏడేళ్ళ నుంచి పద్దెనిమిది దాకా ఒక హోమ్‌లో పెరిగాను, పేరు చెప్పను, తిండి బాగానే పెట్టారు. ఇప్పుడు రొయ్యల చెరువుల దగ్గర సూపర్‌వైజర్ని.

నా పొట్ట మీద కుడిపక్క జానెడు కుట్ల మచ్చ ఉంది. ఏ ఆపరేషనో నాకు తెలీదు. హోమ్‌కి రాకముందు జరిగిందా, వచ్చాక జరిగిందా అదీ తెలీదు. బయటికొచ్చేటప్పుడు నా చేతికి టీసీ, ఆధార్ ఇచ్చారు, ఆసుపత్రి కాగితం ఒక్కటీ లేదు. పోయినేడు కడుపునొప్పితో వెళ్తే డాక్టరు గారు "ఇంతకుముందు ఏం తీశారు" అని అడిగారు. నాకు నవ్వొచ్చింది. స్కానింగ్ చేసి ఆయనే కనిపెట్టారు, అపెండిక్స్ లేదంట.

మెంబరు గారూ, క్రీము రాయించండి, దానితోపాటు ఒక్కో పిల్లాడికీ ఒక నోటు పుస్తకం పెట్టించండి. టీకాలు, రక్తం గ్రూపు, ఏ మందు పడదో, ఏం ఆపరేషన్లు అయ్యాయో అందులో రాయించండి. పిల్లాడు ఆ గేటు దాటిన రోజు పుస్తకం కూడా వాడితో వెళ్ళాలి.

ఇంకోటి, వార్డెన్‌ని దొంగని చెయ్యకండి. ముప్పై మందికి ఒక మనిషి అంటే రాత్రి నిద్ర ఉండదు.

లంకగట్టు మెంబరు:

అందరికీ దణ్ణాలండి. గురువారం ఏఎన్ఎం అమ్మగారినీ ఆశానీ తీసుకెళ్ళాను. ఆవిడ సంచి చూసి వార్డెన్ గారు గేటు తీశారు. పిల్లల్ని వరసగా నిలబెట్టి చేతులు చూస్తుంటే, ఆయన చివర్న ఫుల్‌హ్యాండ్స్ గుండీలు విప్పి తన మోచేతులు చూపించారు, పిల్లల కన్నా ఘోరంగా ఉన్నాయి. సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదంట. పీహెచ్‌సీ డాక్టరు గారు వచ్చి చూశారు, శనివారం రాత్రి అందరికీ క్రీము రాశాం, వంటామె గొడవ పెట్టింది, చివరికి రాయించుకుంది.

సిస్టరమ్మ గారూ, మీరన్నట్టే చీటీల కోసం అడిగాను. ఆఫీసు బీరువాలో పాత క్యాలెండరు కింద మూడు దొరికాయి, అన్నీ కిందటేడువి. ఒకటి కళ్ళకి, ఒకటి చెవికి, ఒకటి నాలుగో తరగతి పిల్లకి గుండెలో ఏదో శబ్దం ఉందని. గ్రీవెన్స్ కాగితం సోమవారం పెట్టాను, రసీదు ఉంది. గుండె చీటీ పిల్లని మాత్రం ఇంకా ఆపదల్చుకోలేదు. వార్డెన్ గారు సీడబ్ల్యూసీ వాళ్ళకి ఫోన్ చేసి చెప్పారు, ఆయమ్మ, ఆశా, నేను ఎల్లుండి యానాం మీదుగా కాకినాడ తీసుకెళ్తున్నాం. అక్కడి పెద్దాసుపత్రిలో ఓపీ చీటీకి ఎన్నింటికి లైన్లో ఉండాలో, పిల్లల గుండె డాక్టరు ఏ రోజుల్లో కూర్చుంటారో ఎవరికైనా తెలిస్తే ఇవాళ రాత్రికి చెప్పండి.