జూనియర్ సివిల్ జడ్జి రాత పరీక్ష: ప్రాక్టీసు మానకుండా చదువుతున్నవారి చర్చ

కొత్త జూనియర్:
అందరికీ నమస్కారం. ఒక చిన్న పట్టణపు కోర్టులో సీనియర్ గారి దగ్గర జూనియర్‌గా ఉన్నాను. ఆయన ఇప్పటికీ దీన్ని మున్సిఫ్ పరీక్ష అనే అంటారు. మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరి అని 2025 మే 20న సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన తరువాత, పగలు వాయిదాలు చూసుకుని రాత్రి పుస్తకం తెరిచే నాలాంటివారు ఎక్కువయ్యారు. వంద బిట్ల స్క్రీనింగ్ పరీక్షకు ఎలాగో సిద్ధం కావచ్చు గాని, ఆ తరువాతి సివిల్, క్రిమినల్, ఇంగ్లీషు పేపర్లకు ఎలా చదవాలో తోచడం లేదు. రాసినవారు దయచేసి చెప్పగలరు.

దావా కట్ట:
సివిల్ పేపరు గురించి చెబుతాను. గైడు పక్కన పెట్టి, మీ ఆఫీసులోనే తీర్పు వచ్చిన ఒక పాత దావా కట్ట తీసుకోండి. ప్లెయింటు (వాది దావా పత్రం), జవాబు దావా మాత్రమే చదివి, కోర్టువారు నిర్ణయించిన ఇష్యూలు, అంటే తీర్పులో తేల్చవలసిన వివాదాంశాలు, చూడకుండా మీరే రాయండి. ఆ తరువాత పోల్చి చూసుకోండి. ఉదాహరణకు, అమ్మకపు అగ్రిమెంటు అమలు కోసం వేసిన దావాలో ‘అగ్రిమెంటు నిజమైనదేనా’ అన్న ఇష్యూ అందరూ రాస్తారు. వాది తన వంతు షరతులు నెరవేర్చడానికి ఆదినుంచీ సిద్ధంగా, సుముఖంగా ఉన్నాడా అన్న ఇష్యూను, లిమిటేషన్ చట్టం 54వ ఆర్టికల్ ప్రకారం మూడేళ్లు ఎప్పటినుంచి లెక్కించాలన్న ఇష్యూను చాలామంది వదిలేస్తారు. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టానికి 2018లో వచ్చిన సవరణ 10వ సెక్షన్‌ను మార్చింది కాబట్టి ఇక డిక్రీ దానంతట అదే వస్తుందని కొందరు రాస్తున్నారు. అది సరికాదు. వాది సిద్ధంగా, సుముఖంగా ఉండాలనే అదే చట్టపు 16(సి)లో మారినది ఒక్కటే: ప్లెయింటులో చెప్పుకుని రుజువు చేయాలన్న చోట, రుజువు చేస్తే చాలునని వచ్చింది, రుజువు బాధ్యత మాత్రం వాదిమీదనే ఉంది.

భాగపంపకాల దావాలు మన ప్రాంతపు అభ్యర్థులకు మరింత ముఖ్యం. హిందూ వారసత్వ చట్టంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేర్చుకున్న 29ఎ సెక్షన్ 1985 సెప్టెంబర్ 5 నుంచి కూతుళ్లకు సహ వారసత్వ హక్కు ఇచ్చింది గాని, అప్పటికే పెళ్లయినవారికి ఇవ్వలేదు. 2005 కేంద్ర సవరణ ఆ తేడాను తీసేసింది. ఆ సవరణ అమలులోకి వచ్చిన 2005 సెప్టెంబర్ 9 నాటికి తండ్రి బతికి ఉండనవసరం లేదని సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో 2020లో తేల్చింది. 2004 డిసెంబర్ 20కి ముందే జరిగిపోయిన పంపకాలను మాత్రం తిరగదోడలేరు. ఈ తేదీలను ఒకే కుటుంబానికి అన్వయించి ప్రశ్న అడిగితే, జవాబుకు ముందు వంశవృక్షం గీసుకోనివారు తడబడడం ఖాయం.

పాత అభ్యర్థి:
పై మాటతో ఏకీభవిస్తున్నాను, అయితే రాయడానికి టైపింగు అలవాటు పనికిరాదు. మూడు గంటలు ఆగకుండా చేత్తో రాయగలగడం ఒక ప్రత్యేకమైన సాధన. కోర్టు సెలవురోజున గడియారం పెట్టుకుని పూర్తి పేపరు రాయండి.

అనువాదకురాలు:
ఇంగ్లీషు పేపరులోని అనువాదాన్ని ఎవరూ పట్టించుకోవడం లేదు. పట్నాల్లో ఇంగ్లీషు మీడియంలో చదివినవారికి అసలు గండం ఇక్కడే ఉంది. మన క్రయ దస్తావేజుల్లో ఒక్కొక్క వాక్యం పేజీ పొడవునా సాగి, పైకం ముట్టినట్టు, స్వాధీనం చేసినట్టు, తగాదా వస్తే నష్టం భరించేటట్టు, అన్నీ ఒక్క క్రియ దగ్గర ముగుస్తాయి. దాన్ని ముందుగా ముక్కలు చేసుకుని, ఎవరు ఎవరికి ఏమి చేశారో తేల్చుకున్న తరువాతే ఇంగ్లీషులో రాయాలి. రోజుకొక దస్తావేజు పేరా, లేదా ఒక సాక్షి వాంగ్మూలం, రెండువైపులా అనువదించి సీనియర్‌కు చూపించండి.

కొత్త జూనియర్:
చాలా ఉపయోగకరంగా ఉంది. క్రిమినల్ పేపరులో మాత్రం నా సందేహం తీరలేదండీ. పాత చట్టాలు ఇంకా చదవాలా, లేక 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన మూడు కొత్త చట్టాలు చాలునా?

మేజిస్ట్రేట్ కోర్టు మిత్రుడు:
రెండూ చదవాలి. పాత పీనల్ కోడ్‌లో హత్యకు ఉన్న 302 ఇప్పుడు న్యాయ సంహితలో 103 అయింది, మోసానికి ఉన్న 420 కాస్తా 318(4) అయింది అని పట్టికలు బట్టీ పడితే స్క్రీనింగ్‌కు సరిపోతుంది, రాత పరీక్షకు సరిపోదు. నా దృష్టిలో పరీక్షకు పనికివచ్చేది నంబరు మారిన చోటు కాదు, పద్ధతి మారిన చోటు. ప్రైవేటు ఫిర్యాదుపై నిందితుడికి చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా మేజిస్ట్రేట్ కాగ్నిజెన్స్ తీసుకోరాదని (కేసును విచారణకు స్వీకరించరాదని), క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 223వ సెక్షన్ అంటోంది. పాత కోడ్‌లో ఇది లేదు. పోలీసు కస్టడీ పదిహేను రోజులను మొదటి నలభై లేదా అరవై రోజుల్లో విడతలుగా కోరవచ్చని అదే సంహిత 187వ సెక్షన్ చెబుతోంది.

పాత, కొత్త చట్టాలు కలిసే చోట ఒక సమస్య ఇస్తాను, రాసి చూడండి. 2024 జూన్ 20న మోసం జరిగింది, జులై 5న ఎఫ్ఐఆర్ నమోదైంది. నేరం ఏ చట్టం కిందిది, దర్యాప్తు ఏ చట్టం ప్రకారం? నేరం జరిగిననాటి చట్టం పీనల్ కోడ్ కాబట్టి శిక్షాస్మృతి పాతదే. జులై 1 నాటికి దర్యాప్తు మొదలే కాలేదు కాబట్టి, అప్పటికే నడుస్తున్న దర్యాప్తు పాత కోడ్ ప్రకారమే సాగాలనే సంహిత 531వ సెక్షన్ రక్షణ వర్తించదు, అందువల్ల ప్రక్రియ కొత్త సంహిత ప్రకారం నడుస్తుంది. ఇప్పుడు ఎఫ్ఐఆర్ తేదీని జూన్ 28కి మార్చి అదే జవాబు మళ్లీ రాయండి. మీరు రాసింది ఇక్కడ పెడితే చూసి చెబుతాను.