అణకువ అన్న మాట ఇంకా వాడాలా, వదిలేయాలా?

వానచినుకు:
పెళ్లి సంబంధాల ప్రకటనలు ఒకసారి చూడండి. "అణకువ గల" అన్నది ఎప్పుడూ వధువుకే తగిలిస్తారు, వరుడి దగ్గరికొచ్చేసరికి ఉద్యోగం, జీతం, ఆస్తి. అణచు, అణచివేత ఉన్న కుటుంబంలోంచే ఈ మాటా వచ్చింది. దీన్ని వదిలేసి వినయం అంటే సరిపోదా?

తేటతెలుగు:
ప్రకటనల సంగతి నూటికి నూరుపాళ్లు నిజం. మాటను వదిలేయమంటే మాత్రం ఒప్పుకోనండి. అణగు, అణచు ఒకటి కాదు. వంగు–వంచు, మునుగు–ముంచు లాంటి జంట అది, మొదటిది తనంతట తాను జరిగేది, రెండోది ఇంకొకరు చేసేది. అణకువ అణగు వైపు మాట. వాన పడి దుమ్ము అణిగింది అంటే ఎవరో తొక్కిపెట్టారని కాదు కదా. మీకు కోపం రావాల్సింది "అణిగిమణిగి ఉండు" మీద, ఎదుటివాళ్ల పెత్తనం ఉన్నది అందులో. అణకువలో ఉన్నది మన బలం, దాన్ని ప్రదర్శించకపోవడం. అందుకే "అంత పెద్ద డాక్టరై ఉండీ ఎంత అణకువో" అంటాం. వేమన "కొండ అద్దమందు కొంచెమై యుండదా" అన్నదీ ఇదే, అద్దంలో చిన్నగా కనబడితే కొండ తరిగిపోదు. పైగా ఆ పద్యం "అనువుగాని చోట" అనే మొదలవుతుంది, అంటే అన్ని చోట్లా తగ్గమని కాదు, చాలామంది ఆ షరతు వదిలేసి మిగతాది చెబుతారు.

ఇక వినయం మాత్రం అంత స్వేచ్ఛగా ఉందా? శిక్షణ, క్రమశిక్షణ అన్న అర్థాలు దానికి పాతవే, బౌద్ధుల వినయ పిటకం భిక్షువులు పాటించాల్సిన నియమాల సంపుటి. మన నోట్లో అయితే "వినయవిధేయతలు" అని జంటగానే వస్తుంది.

వానచినుకు:
వ్యాకరణం సరే, వాడకం మాటేమిటి? మా ఆఫీసు మీటింగ్‌లో ఒకమ్మాయి లెక్క తప్పుందని చెప్తే "కాస్త అణకువ నేర్చుకో" అన్నారు. అదే తప్పును ఒకబ్బాయి ఇంకా గట్టిగా చెప్తే "క్లారిటీ ఉన్న కుర్రాడు" అయ్యాడు.

తేటతెలుగు:
అక్కడ అణకువ లేనిది తప్పు ఒప్పుకోని పెద్దమనిషికి. గొప్పలు చెప్పుకోవడంలో, గొంతు పెంచడంలో మితం పాటించమంటుంది ఆ మాట, ఉన్న తప్పును దాచమని ఎక్కడా అనదు. ఆ అమ్మాయి చేసింది పని. ఆ మాట వాళ్ల చేతికి వదిలేస్తే ఇక వాళ్లు చెప్పిందే అర్థమైపోతుంది. ఈసారి ఎవరైనా అలా అంటే, ఆ కుర్రాడికీ ఇదే ఎందుకు చెప్పలేదని అక్కడికక్కడే అడగండి.