విల్లు ఉంది, నామినీ ఉన్నాడు, ఇంకా సీనియర్ ప్లీడరు ఎందుకు?

నరసన్నపేట రోడ్డు:
నాన్న పోయి పది నెలలైంది. సంవత్సరీకం లోపు కాగితాలు తేల్చుకుందామనుకున్నాం గానీ, ఎవరి దగ్గరికి వెళ్లాలన్న విషయంలోనే ఆగిపోయాం. అన్నయ్య ఊళ్లోనే ఉంటాడు. నాన్నను చివరి వరకూ చూసుకున్నది అతనూ వదినే. నేను శ్రీకాకుళం టౌన్‌లో, అప్ప (అక్క) అండమాన్‌లో. తాతల నాటి పల్లం (మాగాణి) రెండెకరాలు, నాన్న కొన్న గరువు (మెట్ట) డెబ్బై సెంట్లు, పెంకుటిల్లు, బ్యాంకులో ఆరు లక్షల డిపాజిట్ ఉన్నాయి. నాన్న తన చేత్తోనే తెల్లకాగితం మీద విల్లు రాశారు, రిజిస్టర్ చేయించలేదు. ఇల్లూ గరువూ అన్నయ్యకి, పల్లం కొడుకులిద్దరికీ. ఆడపిల్లకి పెళ్లప్పుడే ఇచ్చేశామని ఒక్క వాక్యం. ఇద్దరు సాక్షుల్లో ఒకాయన కరోనాలో పోయారు. డిపాజిట్ సంగతి విల్లులో లేదు, దానికి నామినీ అన్నయ్య.

డాక్యుమెంట్ రైటర్ దగ్గర ముగ్గురం సంతకాలు పెడితే పది రోజుల్లో అయిపోతుందని అన్నయ్య అంటున్నాడు. వారసత్వ కేసుల్లో తల పండిన ప్లీడరుకి చూపించకుండా సంతకం పెట్టనని అప్ప. నేను ఒక లాయరు గారిని కలిస్తే, ఫీజు వద్దు, పల్లంలో పది సెంట్లు రాసివ్వండి అన్నారు. అమ్మ అన్నయ్య దగ్గరే ఉంది, ఈ విషయంలో నోరు విప్పదు. ఇంత చిన్న ఆస్తికి సీనియర్ ప్లీడరు నిజంగా అవసరమా?

పాత అడంగల్:
బాబూ, రెవెన్యూలో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యాను. నా మాట విను, అక్కర్లేదు. సచివాలయంలో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కి అప్లికేషన్ పెట్టండి, తహసీల్దార్ ఆఫీసు నుంచి వస్తుంది. ముగ్గురూ ఒప్పుకుని పంపకాల దస్తావేజు రిజిస్టర్ చేయించుకోండి. దాంతో మ్యుటేషన్ (రికార్డుల్లో పేరు మార్పు), పాసుపుస్తకం. నేను చూసిన వందల కుటుంబాలు ఈ దారిలోనే వెళ్లాయి. అన్నదమ్ములు మాట్లాడుకుంటున్నంత కాలం ప్లీడరు గుమ్మం ఎక్కకూడదు. ఎక్కాక మాటలు నోటీసుల్లోనే నడుస్తాయి. నా కళ్లతో చూశాను కాబట్టి చెబుతున్నాను.

చీపురుపల్లి ఆడపడుచు:
పెద్దాయనా, మీ మీద గౌరవంతోనే అడుగుతున్నాను. ఆ వందల కుటుంబాల్లో ఆడపిల్లలు ఏ కాగితం మీద సంతకం పెట్టారో చదివి పెట్టారా? నేను చదవలేదు. నాన్న పోయిన నాలుగో నెలలో తమ్ముళ్లు రమ్మన్నారు, మ్యుటేషన్ కోసం అన్నారు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వేలిముద్రలు, ఫోటో, సంతకం అన్నీ అరగంటలో అయిపోయాయి. అది హక్కు విడుదల దస్తావేజు, అంటే నా వాటా వదులుకున్నట్టు రాసిన కాగితం అని ఆరు నెలల తర్వాత ఈసీ (ఆ భూమి మీద రిజిస్టరైన లావాదేవీల పట్టిక) తీస్తే తెలిసింది. పుట్టింటితో గొడవెందుకని నాలుగేళ్లు ఊరుకున్నాను. ఆ తర్వాత ప్లీడరు గారి దగ్గరికి వెళితే, మోసం సంగతి తెలిసిన మూడేళ్లలోపు దావా వేయాలమ్మా, గడువు దాటిపోయింది అన్నారు. ఆయన్ని ముందే కలిసుంటే నాకు ఒక్కరోజు ఫీజుతో పోయేది.

మీ అప్పగారు సంతకం పెట్టనన్నది మొండితనం కాదు. ఆమెను తొందర పెట్టకండి.

గజపతినగరం రైతు:
అక్కా, మీకు జరిగింది అన్యాయమే. కానీ సీనియర్ అనగానే న్యాయం జరిగిపోదు. మాది విజయనగరం జిల్లా కోర్టులో ఆరేళ్లు నడిచింది. చాలా పేరున్న ప్లీడరనే పెట్టాం. ఆయన మొహం చూసింది నాలుగుసార్లు, ప్రతి వాయిదాకీ జూనియరే. మొదటి ఏడాది సక్సెషన్ సర్టిఫికెట్ వస్తే అన్నీ తేలిపోతాయని తిప్పారు. అది బ్యాంకు డబ్బు, బాండ్లు, షేర్లు, రావాల్సిన బాకీల కోసమేనని, భూమికి పనికిరాదని తర్వాత తెలిసింది. ఆఖరికి మేమూ బాబాయి పిల్లలూ వెళ్లి లోక్ అదాలత్‌లో కూర్చుంటే ఒక్కరోజులో తేలింది. అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు, దావాకి కట్టిన కోర్టు ఫీజు కూడా వెనక్కి వచ్చింది. ఆరేళ్లూ ఎవరి కోసం తిరిగామో ఇప్పటికీ అర్థం కాదు.

శ్రీకాకుళం జూనియర్:
నేను ఇక్కడి కోర్టులోనే ప్రాక్టీస్ చేస్తున్నాను, అనుభవం తక్కువే. మా సీనియర్ గారి దగ్గర చూసిన దాన్ని బట్టి రాస్తున్నాను. తొందరలేకుండా చదవండి, ఇది మీ ఇంటి విషయం.

ముందుగా పది సెంట్ల సంగతి. గెలుపును బట్టి ఫీజు అనడం, ఆస్తిలో వాటా అడగడం బార్ కౌన్సిల్ నియమాలు ఒప్పవు. ఆయన ఎంత సీనియరైనా ఇక ఆ గుమ్మం ఎక్కకండి.

రెండోది, ఇక్కడ అందరూ ముగ్గురు, ముగ్గురు అంటున్నారు. అమ్మగారు ఏరి? హిందూ వారసత్వ చట్టంలో భార్య కూడా పిల్లలతో పాటు మొదటి తరగతి వారసురాలే. విల్లులో లేని ఆ ఆరు లక్షల్లో ఆమెకీ సమాన వాటా ఉంది, అంటే నాలుగు భాగాలు. అన్నయ్యగారు నామినీ కాబట్టి బ్యాంకు డబ్బు ఆయన చేతికే ఇవ్వచ్చు. అంతమాత్రాన అది ఆయన సొంతం అయిపోదు, మిగతా వారసుల తరఫున తీసుకున్నట్టే. సుప్రీంకోర్టు 2010లో బ్యాంకు ఖాతా విషయంలోనే ఈ మాట స్పష్టంగా చెప్పింది. మీరు ముగ్గురే వెళ్లి పంపకాల దస్తావేజు రాసుకుంటే రేపు అది నిలవదు.

ఇక విల్లు. రిజిస్టర్ కాకపోయినా చెల్లుతుంది. తెల్లకాగితమైనా ఫర్వాలేదు, ఇద్దరు సాక్షులుండాలి, ఉన్నారు. కానీ ఎవరైనా కాదంటే కనీసం ఒక సాక్షి కోర్టుకి వచ్చి నిరూపించాలి. బతికున్న ఆ ఒక్కాయన వయసెంత, ఆరోగ్యం ఎలా ఉందో ఈ వారమే కనుక్కోండి. ఆయన కూడా లేకపోతే సాక్షుల్లో ఒకరి చేతిరాతనీ, నాన్నగారి సంతకాన్నీ వేరే దారిలో రుజువు చేసుకోవాలి. అది చాలా కష్టం. ప్రొబేట్ (విల్లుకి కోర్టు ఇచ్చే ధ్రువీకరణ) తెచ్చుకోవాలని ఎవరైనా వేలకు వేలు అడిగితే ఇవ్వకండి. అది మద్రాసు, బొంబాయి, కలకత్తా లాంటి చోట్ల కోసం పెట్టిన నిబంధన, 2025లో దాన్నీ తీసేశారు. మనం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో కూడా మద్రాసు నగరానికే గానీ మన జిల్లాల హిందువులకి తప్పనిసరి కాలేదు.

అసలు చిక్కు పల్లంతో. మా సీనియర్ గారి దగ్గరికి ఇలాంటి కేసు వస్తే విల్లు ముట్టుకోకముందే ఒక ప్రశ్న వేస్తారు: మీ తాత ఏ సంవత్సరం పోయారు? ఆ రెండెకరాలు తాతగారు సొంతంగా కొన్నవై, ఆయన విల్లు లేకుండా, హిందూ వారసత్వ చట్టం అమల్లోకి వచ్చిన 1956 జూన్ 17 తర్వాత పోయుంటే, నాన్నగారికి వచ్చిన వాటా ఆయన సొంతమే. దాన్ని ఎవరికైనా రాయచ్చు. అంతకుముందే పోయుంటే, లేదా అది తాతగారికే తండ్రుల నుంచి వచ్చుంటే, అది ఉమ్మడి ఆస్తి అయ్యే వీలుంది. అప్పుడు నాన్నగారు తన వాటా మాత్రమే రాయగలరు. కూతురికీ పుట్టుకతోనే హక్కు ఉంటుంది, పెళ్లప్పుడు ఇచ్చేశాం అన్న వాక్యం ఆ హక్కును తీసేయదు. మన రాష్ట్రంలో ఆడపిల్లకి ఈ హక్కు 1985 సెప్టెంబరు 5 నుంచే ఉంది, కాకపోతే ఆ తేదీకి ముందే పెళ్లయినవాళ్లకి వర్తించలేదు. 2005లో కేంద్రం చేసిన సవరణ పెళ్లి షరతు పెట్టలేదు. సవరణ నాటికి తండ్రి బతికి ఉండాల్సిన పని కూడా లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది.

ఒక్క సంవత్సరంతో కేసే మారిపోతుంది. డాక్యుమెంట్ రైటర్ ఈ ప్రశ్న అడగడు, అది ఆయన పని కాదు కూడా. సీనియర్‌కి ఫీజు ఇచ్చేది ఈ ప్రశ్నకే.

పాత అడంగల్:
తల్లి వాటా నేను మరిచాను, అది తప్పే. ఎంతోమంది ఇళ్లలో విధవ తల్లి పేరు సర్టిఫికెట్‌లో ఉంటుంది, దస్తావేజులో ఉండదు. ఇప్పుడు తలుచుకుంటే బాధగా ఉంది. అయినా నా మొదటి మాట వెనక్కి తీసుకోను. ప్లీడరు సలహా వేరు, ప్లీడరు చేత దావా వేయించడం వేరు. సలహా తీసుకో బాబూ, దావా వద్దు.

గజపతినగరం రైతు:
జూనియర్ గారూ, మీరు రాసింది బాగుంది. కానీ మా ఆరేళ్ల ప్లీడరుకి ఇవన్నీ తెలియవా? తెలుసు. మొదటిరోజే చెబితే మేం వెళ్లిపోతామని చెప్పలేదు. అనుభవం ఉన్నవాడు మన వైపు ఉన్నాడో లేదో ఎలా తెలుస్తుంది?

శ్రీకాకుళం జూనియర్:
అన్నా, దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. మొదటిరోజే నేరుగా అడగండి: వాయిదాలకి మీరే వస్తారా, కోర్టుకి వెళ్లకుండా తేలే దారి ఉందా, ఈ సలహాకి ఎంత, దావాకి ఎంత? చిరాకు పడితే లేచి వచ్చేయండి. నేనూ ఈ వృత్తిలోనే ఉండి చెబుతున్నాను.

చీపురుపల్లి ఆడపడుచు:
ఇంకొకటి. మీ అమ్మగారికీ అప్పకీ విడిగా సలహా కావాలంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లచ్చు. ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు. నాకు ఆలస్యంగా తెలిసింది.

నరసన్నపేట రోడ్డు:
అందరికీ నమస్కారం. ఆదివారం ఊరెళ్లి జూనియర్ గారు రాసింది అన్నయ్యకీ అమ్మకీ చదివి వినిపించాను. అన్నయ్య నామినీ మాట దగ్గర కాసేపు వాదించాడు, తర్వాత ఊరుకున్నాడు. తాత పోయిన సంవత్సరం మా ఇద్దరికీ తెలియదు. అమ్మ చెప్పింది, తన పెళ్లికి ముందు ఏడాది అని. అంటే 1973. పల్లం తాత కొన్నదా అని అడిగితే, కాదు, మీ ముత్తాత సీతాఫలం చెట్ల మెట్టభూమి అమ్మి కొన్నాడని మీ నాన్నమ్మ చెప్పేది అంది. ఇన్నాళ్లూ తనని ఎవరూ ఏమీ అడగలేదని కూడా అంది. నాకు మాట రాలేదు.

పాత దస్తావేజు నకలు కోసం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అప్లికేషన్ పెట్టాం. సాక్షి తాతగారికి డెబ్బై ఎనిమిది, ఆరోగ్యంగానే ఉన్నారు. బుధవారం ఒక సీనియర్ ప్లీడరు గారి దగ్గర సలహాకి మాత్రం రెండు వేలకు ఒప్పుకున్నాం. అన్నయ్యా అమ్మా వస్తున్నారు, అప్ప వీడియో కాల్‌లో ఉంటుంది.