జోసెఫ్ ఆల్బర్స్ రంగుల పాఠాలు చేసి చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

కుంచెపని:
నేను స్కూల్లో డ్రాయింగ్ చెబుతాను. ఈ ఏడాది పెద్ద తరగతి పిల్లల చేత జోసెఫ్ ఆల్బర్స్ రంగుల అభ్యాసాలు చేయిస్తున్నాను. చతురస్రంలో చతురస్రం వేసిన అబ్‌స్ట్రాక్ట్ చిత్రకారుడిగా ఆయన పేరు మీరు వినే ఉంటారు. నా దృష్టిలో మాత్రం ఆయన ముందు మాస్టారు, ఆ తర్వాతే చిత్రకారుడు. 1888లో జర్మనీలోని బోట్రోప్‌లో పుట్టారు. కొన్నేళ్ళు చిన్నపిల్లలకు పాఠాలు చెప్పి, 32 ఏళ్ళ వయసులో మళ్ళీ విద్యార్థిగా వైమార్‌లోని బౌహౌస్ అనే కళల బడిలో చేరారు. రంగులు కొనడానికి చేతిలో డబ్బుల్లేవు. సుత్తి, భుజాన సంచి పట్టుకుని చెత్తకుప్పల దగ్గరికి వెళ్ళి, పగిలిన సీసాల పెంకులు ఏరుకొచ్చి వాటితోనే బొమ్మలు కూర్చారు. 1923 నాటికి అదే బడిలో కొత్తగా చేరినవాళ్ళకు పాఠం చెబుతున్నారు!

మా క్లాసులో మొదట చేయించింది 'ఒకే రంగును రెండు రంగులుగా చూపించడం'. గోధుమరంగు కాగితం ఒకటి తీసుకుని రెండు చిన్న ముక్కలు కత్తిరించాం. ఒకటి పసుపు కాగితం మీద, ఇంకొకటి ముదురు ఊదా మీద పెట్టాం. పసుపు మీదున్నది మసకబారి ముదురుగా కనబడింది. ఊదా మీదున్నది వెలిగిపోయింది, కాస్త పసుపు కూడా తిరిగింది. రెండూ ఒకే కాగితమంటే ఒకబ్బాయి ఒప్పుకోలేదు. లేచొచ్చి రెండు ముక్కలూ పైకి తీసి, అంచుకు అంచు ఆనించి, కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి మరీ చూశాడు. ఆ తర్వాత క్లాసంతా కాగితాల మీద పడింది. మీ అనుభవాలూ రాయండి.

పడుగుపేక:
బట్టల డిజైనింగ్ నా వృత్తి. మాకిది రోజూ ఎదురయ్యేదే. చీర ఒంటి రంగు ముట్టుకోకుండా అంచు రంగు మారిస్తే చాలు, ఒళ్ళే మారిందంటారు చూసినవాళ్ళు. కాలేజీలో మాచేత పోస్టర్ కలర్లతో ఇలాంటివి వేయించారు. రంగు కలపడంలోనే పీరియడ్ అయిపోయేది. ఆల్బర్స్ పట్టుబట్టి రంగు కాగితాలే ఎందుకు వాడించారో అప్పుడు అర్థమైంది. కాగితమైతే ఎన్నిసార్లు తీసినా అదే రంగు. కలపక్కర్లేదు, ఆరక్కర్లేదు, కళ్ళకు తప్ప చేతికి పనిలేదు. పత్రికల్లోంచి చింపినవి, ప్రెస్సులో మిగిలిన ముక్కలు ఏవైనా సరే.

ఆయన భార్య ఆనీ ఆల్బర్స్ సంగతి కూడా చెప్పాలి. బౌహౌస్ నేతశాలలో నేర్చుకుని నేతను ఆధునిక కళగా నిలబెట్టిన మనిషి. ఇద్దరికీ 1925లో పెళ్ళైంది. ఆమెది యూదు కుటుంబం. 1933లో నాజీల ఒత్తిడితో బౌహౌస్ మూతపడగానే ఇద్దరూ అమెరికా చేరారు, నార్త్ కరొలైనాలో అప్పుడే పెట్టిన బ్లాక్ మౌంటెన్ కాలేజీకి.

చదరంగి:
పాఠాలు బాగున్నాయండి, కాదనను. కానీ ఆ చిత్రాలు? 1950లో మొదలుపెట్టి 1976లో పోయేదాకా అవే చతురస్రాలు. ఒక పుస్తకంలో వరసగా చూశాను, పదో పేజీకే విసుగొచ్చింది. నిజంగా చెప్పండి, మీకు రాలేదా?

గాజుపెంకు:
@చదరంగి పుస్తకంలో చూస్తే నాకూ అలాగే అనిపించేది. తర్వాత ఒక మ్యూజియంలో అసలు చిత్రం ముందు నిలబడే అవకాశం వచ్చింది. కాన్వాస్ కాదు, తెల్లపూత వేసిన హార్డ్‌బోర్డు. ట్యూబులోంచి తీసిన రంగును కలపకుండా కత్తితో పలచగా పరిచారు. రెండు రంగులు కలిసే గీత దగ్గరికి వెళ్ళి చూస్తే, అక్కడ లేని మూడో రంగు కదులుతున్నట్టుంది. నాలుగడుగులు వెనక్కి వేస్తే లోపలి చతురస్రం ముందుకొచ్చింది. అచ్చులో ఇది రాదు.

కొలతల్లో కూడా కిటుకుంది. చతురస్రాలు నడిమధ్యలో ఉండవు, కిందికి జరిగి ఉంటాయి. కింద వదిలిన జాగా ఒక వంతైతే పక్కల రెండు, పైన మూడు. అందుకే నిశ్చలంగా ఉన్నా బరువు కిందికి దిగుతున్నట్టు ఉంటుంది. ఏ కంపెనీ రంగు, ఏ పేరు అనేది బోర్డు వెనక వరసగా రాసిపెట్టేవారు. ఈ సిరీస్ మొదలుపెట్టేసరికి ఆయనకు 62 ఏళ్ళు. ఆకారం మారకుండా ఉంచితేనే కదా, రంగు ఏం చేస్తుందో తెలిసేది.

నాకు బాగా నచ్చేది వాళ్ళ నాన్న సంగతి. ఆయన ఇళ్ళకు రంగులేసే పనివాడు. తలుపుకు రంగు వేయాలంటే మధ్యలోంచి మొదలెట్టి అంచులకు రావాలని కొడుక్కి నేర్పాడట. కారినది మీద మీదే పట్టుకోవచ్చు, చొక్కా చేతులకు అంటదు. ఆ చతురస్రాలు కూడా మధ్యలోంచి బయటికి వేసినవే.

చదరంగి:
తలుపు సంగతి తెలియదు. అసలుది చూసే అవకాశం వస్తే మళ్ళీ చెబుతాను.

మడతకాగితం:
నేను ఆర్కిటెక్చర్ చదివాను. మా మొదటి సెమిస్టర్లో బౌహౌస్‌నాటి అభ్యాసం ఒకటి ఉండేది. ఆల్బర్స్ క్లాసుకు పాత వార్తాపత్రికల కట్ట తెచ్చి తలా కొన్ని ఇచ్చి, కాగితాన్ని వృథా చేయకుండా దానితో ఏదైనా చేయమని వెళ్ళిపోయారట. వచ్చేసరికి కోటలు, పడవలు, విమానాలు తయారయ్యాయి. ఆయన మెచ్చుకున్నది మాత్రం ఒక విద్యార్థి ఊరికే నిలువుగా మడిచి నిలబెట్టిన కాగితాన్ని. పడుకోబెడితే వాలిపోయే కాగితం ఒక్క మడతతో నిలబడింది, పడవకైతే రేకు, చెక్క ఉన్నాయి కదా అన్నది ఆయన వాదన. మా క్లాసులో జిగురు, కత్తెర రెండూ నిషేధం. మొదటి గంట చికాకేసింది. తర్వాత అడ్డమడతలు వేసి నిలబెట్టిన పలచని కాగితం లావు పుస్తకాన్ని మోసింది. స్తంభం, కప్పు ఎలా పనిచేస్తాయో నాకు అక్కడే అర్థమైంది.

నీలిమేఘం:
ఒక మాట, ఆయన చాలా కటువైన మాస్టారు. బ్లాక్ మౌంటెన్‌లో తన విద్యార్థి, తర్వాత పెద్ద చిత్రకారుడైన రాబర్ట్ రౌషెన్‌బర్గ్‌ను అందరి ముందూ తీసిపారేసేవారు. అయినా రౌషెన్‌బర్గ్ తన గురువుల్లో ముఖ్యుడు ఆయనేనని తర్వాత చెప్పుకున్నాడు. దీన్ని పట్టుకుని మాటలతో గుచ్చితేనే పిల్లలు పైకొస్తారనే టీచర్లను చూశాను. అలాంటి క్లాసులో కూర్చున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను, చాలామంది రౌషెన్‌బర్గ్‌లు కారు, బొమ్మలు మానేస్తారు. అదే కాలేజీలో చదివిన రూత్ అసావా ఆల్బర్స్ పాఠాన్ని తీసుకుంది, కటుత్వాన్ని కాదు. లోహపు తీగతో అల్లిన శిల్పాలు చేస్తూనే 1968లో శాన్‌ఫ్రాన్సిస్కో బడిపిల్లల కోసం కళాశిక్షణ మొదలుపెట్టింది. నేను చూసేది ఆమె వైపు.

కుంచెపని:
@నీలిమేఘం పూర్తిగా ఒప్పుకుంటానమ్మా. మా క్లాసులో తప్పు జవాబని ఉండదు, 'మళ్ళీ చూడు' అనడమే.

రెండోపూత:
మాస్టారూ, మా పాపకు తొమ్మిదేళ్ళు. ఇంట్లో చేయించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? ఆయన పుస్తకం కొననా?

కుంచెపని:
'ఇంటరాక్షన్ ఆఫ్ కలర్' అనే ఆ పుస్తకం పాపకు కాదండి, మీకు. ఆయన అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పి 1958లో రిటైరయ్యాక, 1963లో వచ్చింది. సిద్ధాంతం కంటే ముందు చేసి చూడమంటుంది కాబట్టి మీరు కూడా చేస్తూ చదవండి. పాపతోనైతే తెల్లకాగితం మీద ఎర్రటి వృత్తం అంటించి మధ్యలో నల్లచుక్క పెట్టండి. చుక్క మీంచి చూపు తిప్పకుండా అర నిమిషం చూడమని, వెంటనే పక్కనున్న తెల్లకాగితం వైపు తిరగమనండి. ఏ రంగు కనబడిందో మీరు చెప్పొద్దు, తననే చెప్పనివ్వండి. పగటి వెలుతురులో చేయించండి, ఫోన్ స్క్రీన్ మీద వద్దు. గోధుమరంగు ముక్కలు వచ్చే వారం.